బ్రిడ్జి ఎత్తు చూడని రెండేళ్లు: ఒక యువ వయొలినిస్టుతో మా అనుభవం

2016 జూన్‌లో ఆ అమ్మాయి మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఫిడేలు పెట్టె వాళ్ల నాన్నగారి ఒళ్లో ఉంది. ఆయన ఆర్టీసీ కండక్టరు, డ్యూటీ దిగి నేరుగా వచ్చారు. "మాస్టారూ, పిల్లకి విద్య వస్తుందో రాదో మీరే చెప్పాలి. రాదంటే చెప్పేయండి, ఇంటర్ అయ్యాక ఏదో డిగ్రీలో చేర్పించేస్తాను" అన్నారు. పిల్లకి అప్పుడు 16 ఏళ్లు. భైరవి రాగంలో అటతాళ వర్ణం రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, వాయించింది. రెండో కాలంలో కూడా కమాను వణకలేదు, తాళం జారలేదు.

వస్తుందా రాదా అన్నది అయిదు నిమిషాల్లో తేలిపోయింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లు మేం తంటాలు పడింది వేరే సంగతితో. విద్య వచ్చిన పిల్ల, 18 నుంచి 25 ఏళ్ల మధ్య ఫిడేలు అటక మీద పెట్టేయకుండా నిలబడాలంటే ఏం కావాలి? నేను 30 ఏళ్లకు పైగా విశాఖలో ఫిడేలు చెబుతున్నాను. ఈ వయసులో వదిలేసిన పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టలేను. వాళ్లలో విద్య చాలక మానేసినవాళ్లు తక్కువ.

ఇది ఆ ఒక్క అమ్మాయి కథ. పేరు రాయడం లేదు. ఇంట్లోవాళ్లకి చదివి వినిపించి, సరేనన్నాకే రాస్తున్నాను.

ఆమెది విజయనగరం దగ్గర ఊరు. ఆ ప్రాంతంలో ఫిడేలుకి ఉన్న చరిత్ర తెలియనిదేం కాదు. 1919లో మహారాజావారు పెట్టిన సంగీత కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. అదే ఏడు 26 ఏళ్ల ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ ఫిడేలు ఆచార్యులయ్యారు. విద్యార్థిగా చేరదామని వెళ్తే ఆయన వాయింపు విని ఏకంగా పాఠం చెప్పే ఉద్యోగమే ఇచ్చారని మా పెద్దలు ముచ్చటగా చెప్పేవారు. 1936లో ప్రిన్సిపాలయ్యారు. ఈ కథ చెప్పుకున్నప్పుడల్లా అందరూ ఆయన ప్రతిభ గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ఆ ఉద్యోగం మీదే దృష్టి. 26 ఏళ్ల వయసులో, చూపు సరిగా లేని మనిషికి నెల తిరిగేసరికి జీతం, రోజంతా సంగీతం, చుట్టూ విద్వాంసులు. పక్కవాద్యంగానే చూసే ఫిడేలుని తర్వాత సోలో కచేరి స్థాయికి తీసుకెళ్లిన మనిషి వెనకాల అంత నిలకడైన ఏర్పాటు ఉంది. మా అమ్మాయికి అలాంటిది ఏముంది? వాళ్ల నాన్న జీతం, మా పాఠం.

ఆ పిల్లకి తోడు నిలబడినవాళ్లం ఎనిమిది మందిమి. ఇద్దరు బ్యాంకు రిటైర్డు ఉద్యోగులు, ఒక డాక్టరు గారు, ఒక లెక్చరరు, మిగతావాళ్లు నాలాంటి సంగీతం పిచ్చివాళ్లు. సంస్థ కాదు, రిజిస్ట్రేషన్ లేదు, లెటర్‌హెడ్ లేదు. తలా నెలకి 1,500 వేసుకుంటే 12,000 అయ్యేది. డబ్బు చిన్నదే. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికే రెండేళ్లు పట్టింది.

మొదటి ఏడాది మేం చేసిందంతా ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. పోటీలకి తిప్పాం. విజయవాడ, రాజమండ్రి, హైదరాబాదు, చెన్నై. ఎక్కడ పోటీ ఉందంటే అక్కడికి. ప్రైజులు వచ్చాయి కూడా. ఒక ప్రముఖ సభలో 40 నిమిషాల సోలో ఇప్పించాం, శాలువా కప్పించాం, ఫొటోలు పెట్టాం. ఆ ఏడాదంతా పిల్ల వాయించినవి అవే నాలుగు కీర్తనలు, అదే ఒక వర్ణం. కొత్త రాగం ఎత్తుకోలేదు. పోటీలో జడ్జీలు ఎనిమిది నిమిషాలు వింటారు, ఆ ఎనిమిది నిమిషాలనే పిల్ల నగిషీ చెక్కుతూ కూర్చుంటుంది. ఫిడేలువాళ్ల అసలు బతుకు పక్కవాద్యం. అక్కడ ఎదుటివాళ్లు ఏం పాడతారో ముందు తెలియదు. ఆ ఎనిమిది నిమిషాల సాధన అక్కడ ఎందుకూ కొరగాదు.

అది తెలిసొచ్చింది 2017 దసరాల్లో. ఒక గుడిలో నవరాత్రి కచేరి. రావలసిన ఫిడేలాయనకి జ్వరం. నిర్వాహకులు సాయంత్రం నాలుగింటికి నాకు ఫోన్ చేశారు, నేను ఈ అమ్మాయి పేరు చెప్పాను. మంచి అవకాశం కదా అనుకున్నాను. పాడేది మగాయన, శృతి ఒకటి. ఈ అమ్మాయి ఫిడేలు ఎప్పుడూ ఐదు శృతిలో ఉండేది. తన స్నేహితురాళ్లు, నా దగ్గర నేర్చుకునే ఆడపిల్లల పాటకే వాయించడం అలవాటు. శృతి అంటే పాటకి ఆధారమైన షడ్జమం ఎత్తు; హార్మోనియం మెట్ల లెక్కలో ఒకటంటే పాశ్చాత్య స్వరం సి, ఐదంటే జి. ఐదుకి బిగించిన తీగల్ని అంత కిందకి దింపితే ఏమవుతుందో వాయించేవాళ్లకి తెలుసు. మంద్రం (కింది స్థాయి) తీగ వదులై, కమాను ఆనించగానే జీరగా మోగుతుంది, బలంగా లాగితే శృతే కదిలిపోతుంది. అందుకే చాలామంది పక్కవాద్యం వాళ్లు రెండు ఫిడేళ్లు పెట్టుకుంటారు, మగవాళ్ల శృతికి మందం తీగలతో ఒకటి, ఆడవాళ్ల శృతికి ఒకటి. మృదంగం వాళ్లు శృతికో మృదంగం మోసుకొచ్చినట్టే. ఇది నాకు తెలియదా? తెలుసు. ఆ సాయంత్రం గుర్తు రాలేదు.

ఆయన ఖరహరప్రియ రాగం ఆలాపన మొదలుపెట్టారు. పాతిక నిమిషాలు పాడి ఆమె వైపు చూశారు. ఆమె రెండు నిమిషాలు వాయించి ఆపేసింది. ఆయన సౌమ్యుడు, చిరునవ్వుతో ఇంకొంచెం వాయించమన్నట్టు చెయ్యి ఊపారు. ఆమె మళ్లీ కమాను ఎత్తింది. మంద్రంలోకి దిగబోయి, ఆ తీగ మోగే తీరుకి బెదిరి, మళ్లీ పైకే వచ్చేసింది. తర్వాత స్వరకల్పనలో, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లే చోట, ఆయన ఆవర్తాలు (తాళం చుట్లు) కుదించుకుంటూ లెక్క కట్టేసరికి పూర్తిగా చేతులెత్తేసింది. మృదంగం ఒక్కటే వాయించే తనియావర్తనం అయ్యేదాకా తల ఎత్తలేదు. కచేరి అయ్యాక బయట చెప్పులు వేసుకుంటూ "మాస్టారూ, పోటీల్లో ఇలా ఉండదు కదా" అంది. తప్పు తనది కాదని నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. "ఇంకా సాధన చెయ్యాలమ్మా" అన్నాను.

చేసింది. రోజుకి అయిదారు గంటలు. మూడు నెలల్లో ఎడమ మణికట్టు నొప్పి మొదలైంది.

ఈ నొప్పి విషయంలో మేం చేసిన పొరపాటు నాకు తెలిసి చాలామంది గురువులు చేసేదే. సాధన ఎక్కువైందన్నాం, కొన్ని రోజులు ఆపమన్నాం. మా డాక్టరు గారు ఫిజియోథెరపీకి పంపారు. తగ్గేది, ఫిడేలు పట్టుకోగానే మళ్లీ వచ్చేది. ఆ మధ్యలోనే రేడియో ఆడిషన్‌కి వెళ్లింది, ఎంపిక కాలేదు. ఆడిషన్‌లో వాయించేవాళ్లు ఎవరో వినేవాళ్లకి కనబడరు. రాగాల పట్టిక మనమే రాసిస్తాం, అందులోంచి వాళ్లు అడుగుతారు. పట్టిక నిండుగా కనబడాలని తను ఎప్పుడూ విస్తరించని రాగాలు కూడా రాసింది. వాటిలోంచే అడిగారు. నొప్పి ఒకవైపు, ఇది ఒకవైపు. ఇంటికొచ్చి రెండు వారాలు పెట్టె తెరవలేదు. వాళ్ల అమ్మగారు నాకు ఫోన్ చేసి "బీఎస్సీలో చేరిపోతానంటోందండీ" అన్నారు. ఆవిడ గొంతులో బాధ ఉందో ఊరట ఉందో నాకు అర్థం కాలేదు.

అసలు సంగతి బయటపడింది చెన్నైలో, అది కూడా అనుకోకుండా. ఇంకో పని మీద వెళ్తూ ఆమె ఫిడేలుని సౌండ్ పోస్ట్ (ఫిడేలు లోపల నిలబెట్టే చిన్న కర్ర) చూపిద్దామని పట్టుకెళ్లాను. అక్కడ మరమ్మతు చేసే పెద్దాయన ఫిడేలు చేతిలోకి తీసుకుని, ఒక కన్ను మూసి, వేళ్ల పలక వెంట వెలుతురు వైపు చూశాడు. మాట్లాడకుండా నా చేతికిచ్చి, నన్నూ అలాగే చూడమన్నాడు. తీగలకీ పలకకీ మధ్య చిటికెన వేలు దూరిపోయేంత సందు. తీగల్ని ఎత్తి పట్టే చెక్క ముక్క, బ్రిడ్జి, కొట్లోంచి వచ్చింది వచ్చినట్టే ఉంది, ఎవరూ చెక్కలేదు. ఫ్యాక్టరీ ఫిడేళ్లకి బ్రిడ్జి ఎత్తుగానే ఇస్తారు, కొన్నాక మన వాద్యానికి తగ్గట్టు చెక్కించుకోవాలి. మన సంగీతంలో వేలు ఒక్కచోట నిలబడదు కదా, జారు, కంపితం, నొక్కు, అన్నీ తీగ మీదే జరగాలి. అంత ఎత్తు తీగని పలకకి ఆనించి గమకం, అంటే స్వరాన్ని ఊపడం, పలికించాలంటే ప్రతి స్వరానికీ మణికట్టు బలం పెట్టాలి. రెండేళ్లుగా ఆ పిల్ల అదే చేస్తోంది. వారానికి రెండుసార్లు నా ఎదురుగా కూర్చునే చేస్తోంది. నేను వేళ్లు చూశాను, కమాను చూశాను, కూర్చునే తీరు చూశాను. బ్రిడ్జి చూడలేదు.

పెద్దాయన గంటన్నర కూర్చుని బ్రిడ్జి చెక్కి, తీగలు బిగించే బిరడాలు సరిచేసి, సౌండ్ పోస్ట్ కొంచెం జరిపాడు. తీసుకున్నది 1,800 రూపాయలు. ఫిజియోథెరపీకి అప్పటికి అంతకు ఎన్నో రెట్లు పెట్టాం. నొప్పి ఒక్క రోజులో పోలేదు, నాలుగు నెలలు పట్టింది. మొదట రోజుకి 20 నిమిషాలు, మధ్యలో ఆపుతూ, వారానికి 10 నిమిషాల చొప్పున పెంచుకుంటూ వచ్చాం. కానీ తిరగబెట్టలేదు.

ఇక్కడి నుంచి మా ఖర్చు పద్ధతి మారింది. పోటీల ప్రయాణాలు పూర్తిగా ఆపేశాం. 12,000లో సగం ఒకే పనికి కేటాయించాం: నెలకో ఇంటి కచేరి. మా ఎనిమిది ఇళ్లలో ఏదో ఒక హాలు, పాతిక మంది శ్రోతలు, మైకు లేదు. పాట ఒకరు, ఫిడేలు ఈ అమ్మాయి, మృదంగం ఒకరు, ముగ్గురూ పాతికేళ్ల లోపువాళ్లే. నెలనెలా పాడేవాళ్లు మారతారు. ఒక నెల ఐదున్నర శృతి అమ్మాయి, ఇంకో నెల ఒకటి శృతి అబ్బాయి. ఏం పాడతారో ముందు చెప్పకూడదు. సంభావన ముగ్గురికీ సమానం, తలా 2,000, కవర్లో పెట్టి తాంబూలంతో. శాలువా లేదు, జ్ఞాపిక లేదు, ఉపన్యాసం అసలే లేదు. మా లెక్చరరు గారికి రెండు మాటలు చెప్పాలని నోరు దురద పెట్టేది, పాపం ఆయన్ని చాలా కష్టపడి ఆపాం.

సమాన సంభావన మీద మాలో మాకే గొడవ అయింది. ప్రధాన కళాకారులకి ఎక్కువ, పక్కవాద్యాలకి తక్కువ, అదే ఆనవాయితీ కదా అన్నారు ఒకరు. నిజమే. కానీ పాడే పిల్లకి తంబూరా యాప్ ఫోన్‌లో ఉంటే చాలు. ఫిడేలు పిల్లకి మంచి తీగల సెట్టు ఒకటి కొనాలంటే వేలల్లో మాట, అది కూడా కొన్ని నెలలకి చచ్చిపోతుంది. ఖర్చు ఎక్కువున్నవాళ్లకి రాబడి తక్కువ అన్న లెక్క నాకెప్పుడూ మింగుడుపడలేదు.

రెండో ఫిడేలు కూడా ఆ రోజుల్లోనే కొన్నాం, ఒక రిటైర్డు విద్వాంసుడి దగ్గర 38,000కి. పాత వాద్యం, మంద్రం చక్కగా పలుకుతుంది. దానికి మందం తీగలు వేసి ఒకటి శృతికి స్థిరంగా ఉంచేశాం.

ఇంటి కచేరీలు మొదటి ఆరు నెలలు బాగోలేదు. ఆమె పాటని వెంటాడుతూ వాయించేది, ఒక అర క్షణం వెనకాల. ఏడో ఎనిమిదో కచేరిలో అనుకుంటాను, పాడే అబ్బాయి తోడి రాగంలో నెరవల్ చేస్తూ, అంటే ఒకే పంక్తిని రకరకాలుగా విస్తరిస్తూ, ఒకచోట ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఆ ఖాళీలో ఈమె అతను వదిలిన గాంధార స్వరాన్నే పట్టుకుని, చిన్నగా ఊపుతూ అతను తిరిగి వచ్చేదాకా నిలిపింది. అంతే, రెండు క్షణాలు. అతను నవ్వి, ఆ గాంధారం మీంచే మళ్లీ ఎత్తుకున్నాడు. పక్కవాద్యం అంటే ఏమిటో ఆ రెండు క్షణాల్లో ఆమెకి తెలిసింది. నేను నేర్పింది కాదు అది. పాఠంలో నేర్పగలిగింది కూడా కాదు.

కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకి ఇచ్చే స్కాలర్‌షిప్ సంగతి చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి, నెలకి 5,000 చొప్పున రెండేళ్లు. ఆమెకి వచ్చింది. అయితే అది ఆరు నెలలకో వాయిదాగా వస్తుంది తప్ప నెలనెలా రాదు. కండక్టరు ఇంట్లో ఒక్కసారిగా పడిన 30,000 ఫిడేలు దాకా చేరకుండానే ఏదో ఒక అవసరం మింగేస్తుంది. అందుకని మేం నెలనెలా 5,000 ఇచ్చేవాళ్లం, వాయిదా రాగానే మాకు తిరిగి కట్టేవారు. మేం ఆమె కోసం చేసిన పనుల్లో మాకు పైసా నష్టం లేనిది ఇదొక్కటే. నన్నడిగితే ఎక్కువ పనికొచ్చిన వాటిలో ఇదీ ఒకటి.

ఇంకొకటి వాళ్ల నాన్నగారి చార్జీలు. బయట ఊళ్ల నుంచి పిలుపులు రావడం మొదలయ్యాక ఒక నిర్వాహకుడు మొహమాటం లేకుండా చెప్పాడు: "ఆడపిల్లండీ, రాత్రి తొమ్మిదిన్నరకి కచేరి అయ్యాక పంపించడం మాకు రిస్కు." ఆడపిల్లలు పక్కవాద్యం వద్దనే గాయకులు ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నారు, వాళ్ల సంగతి వేరు. ఈయన అన్నది ఆ రకం కాదు, నిజమైన ఇబ్బందే. తండ్రి తోడు వెళ్తే ఆయనకి సెలవు, రెండో టికెట్టు, రాత్రి బస. 3,000 సంభావన కోసం 2,500 ఖర్చు. ఎవరైనా రెండుసార్లు వెళ్లి మూడోసారి మానేస్తారు. తోడు వచ్చేవాళ్ల టికెట్టు, బస మా నిధిలోంచి ఇవ్వడం మొదలుపెట్టాం. ఆ ఏడాదే ఆమె బయట ఊళ్లలో 14 కచేరీలు వాయించింది.

వాళ్ల నాన్నగారు ఎప్పుడూ అనవసరంగా మాట్లాడరు. ఒకసారి రైల్లో మాత్రం నన్నడిగారు, "మాస్టారూ, మా ఊరి నుంచి ఫిడేలు పట్టుకుని చెన్నై దాకా వెళ్లిన ఆడపిల్లలున్నారా?" అని. అవసరాల కన్యాకుమారి గారి గురించి చెప్పాను. విజయనగరంలో పెరిగి, చెన్నై వెళ్లి, గాయని ఎం.ఎల్. వసంతకుమారి గారికి ఏళ్ల తరబడి పక్కవాద్యం వాయించి, 2015లో పద్మశ్రీ, ఆ మరుసటి ఏడు మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు. ఆయన విని కాసేపు కిటికీలోంచి చూసి, "ఏళ్ల తరబడి ఒక్కరికే వాయించారా" అన్నారు. పద్మశ్రీ మాట ఆయనకి పట్టలేదు. ఏళ్ల తరబడి పని దొరికిందన్న మాట పట్టింది.

2020 మార్చిలో అన్నీ ఆగిపోయాయి. గుళ్లు లేవు, సభలు లేవు, పెళ్లిళ్లు కూడా లేవు. ఇంటి కచేరికి ఇచ్చే 2,000 ముగ్గురు పిల్లలకీ కచేరి లేకుండానే పంపించాం, ఏడు నెలలు. ఆమె ఆ రోజుల్లో అమెరికాలోని తెలుగు పిల్లలకి ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టింది. మొదట ఇద్దరు, ఇప్పుడు 11 మంది. 2022లో మళ్లీ రేడియో ఆడిషన్‌కి వెళ్లింది. ఈసారి పట్టికలో తక్కువ రాగాలే రాసింది, ఏది అడిగినా అరగంట వాయించగలిగినవే. రేడియో కళాకారులకి ఇచ్చే బి-హై గ్రేడు వచ్చింది.

కథ ఇక్కడితో ఆపేస్తే చక్కగా ఉంటుంది, కానీ ఇప్పటి చిక్కు చెప్పకపోతే మోసం చేసినట్టే. అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం ఏడంటే మనకి తెల్లవారుజాము నాలుగున్నర, చలికాలంలో అయిదున్నర. ఆ పిల్లలు బడి అయ్యాక ఖాళీగా ఉండేది అప్పుడే. ఈ అమ్మాయి సాధన చేసేదీ అప్పుడే. వారంలో అయిదు రోజులు, తను మోహన రాగం ఎత్తుకోవాల్సిన వేళ ఎవరికో సరళీ వరసలు, అంటే తొలి పాఠాలు, చెబుతోంది. ఆదాయం మాత్రం కచేరీల కంటే చాలా ఎక్కువ. వాళ్ల నాన్నగారికి రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. ఏమని చెప్పను?

పోయిన నెల మేం ఎనిమిది మందీ కూర్చుని, మూడు రోజుల పాఠాల ఆదాయం నిధిలోంచి ఇస్తాం, ఆ మూడు రోజులు సాధనకి ఉంచుకో అని అడిగాం. ఆమె ఒప్పుకోలేదు.

"మీరు ఎన్నాళ్లిస్తారు మాస్టారూ? ఆ పిల్లల్ని ఇప్పుడు వదిలేస్తే మళ్లీ రారు."

"మరి సాధన?"

"శనాదివారాలు వాళ్లకి పొద్దున్న, మనకి రాత్రి. నలుగురు తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. మిగతావాళ్లని అడుగుతున్నాను." కాసేపాగి, "మీ దగ్గరికి కొత్తగా వస్తున్నాడే, పాలకొండ నుంచి ఆ బాబు, వాడి ఫిడేలు చూశారా? తీగలు ఇంత ఎత్తున ఉన్నాయి. నాకిస్తానన్న డబ్బుతో వాణ్ని చెన్నై తీసుకెళ్లి రండి" అంది.

టికెట్లు వచ్చే గురువారానికి దొరికాయి.